ఎవరు కుట్టిండ్లు ఇది?

మా తోటికోడలు లక్ష్మీనర్సమ్మ అక్కకు పెద్దపేగు క్యాన్సర్ మొన్న మొన్న వచ్చింది గానీ, అసలు జబ్బు పుట్టుకతోనే ఉంది. కుట్టు కనబడితే చాలు, "ఎవరు కుట్టిండ్లు ఇది?" అని అడగందే ఊరుకోదు. హనుమకొండ చౌరస్తా దగ్గర ముప్పయ్యేళ్ల నుంచి టైలరింగ్ షాపు నడుపుతోంది మరి. మా అమ్మాయి నవ్య పెళ్లిలో అక్షింతలు వేయడానికని వెళ్లి, పెళ్లికొడుకు షేర్వానీ కాలర్ తిప్పి చూసి అదే మాట అడిగింది. వియ్యాలవారి ముందు నా తల కొట్టేసినట్టయింది.

ఆపరేషనైన వారానికి చీము పట్టి అక్క పొట్ట మీద కుట్లు విడిపోయాయి. గాయం మానేదాకా కీమో మొదలుపెట్టేది లేదన్నారు. నాకు కడుపు మండిపోయింది. ఆమె మాత్రం డాక్టర్ కావ్య రాగానే పొట్ట చూపించి మొదలుపెట్టింది.

"ఎవరు కుట్టిండ్లు ఇది?"

"నేనేనమ్మా."

"దూరం దూరం ఏసినవ్ బిడ్డా. నా షాపుల పోరి గిట్ల కుడితే ఇప్పించి మళ్ల కుట్టిస్త."

"ఇన్ఫెక్షన్ వస్తే ఎట్ల కుట్టినా విడిపోతయమ్మా."

"సాకులు మా షాపుల గూడ మస్తు చెప్తరు!"

పాపం, ఆ డాక్టరమ్మ ఓపిక గల మనిషి కాబట్టి సరిపోయింది.

ఇంటికొచ్చాక రోజూ దవాఖానకు వెళ్లి డ్రెస్సింగ్ చేయించుకోవాలి. బరువులెత్తొద్దు, మెషిన్ తొక్కొద్దు అన్నారు. ఈమెను నమ్మేదెవరు? ఇంట్లో ఉన్న కుట్టుమెషిన్ బెల్టు ఊడదీసి బియ్యం డబ్బాలో దాచేశాను.

"నా బెల్టేదే నిర్మలా?"

"గాయం మాననియ్. ఇస్త."

"నువ్వు తోటికోడలివా, పోలీసోనివా?"

మూడు వారాలు గడిచాయి. డ్రెస్సింగ్ గది ముందు బెంచీ మీద తొర్రూరు నుంచి వచ్చే యాకమ్మ కూర్చునేది. ఆమె పొట్టలోంచి చీమునీళ్లు కారడానికి ఒక ట్యూబు, దాని చివర సంచి. సంచిని కొంగు చాటున పట్టుకుని ముడుచుకుపోయేది. ఒకరోజు బోరుమంది.

"బస్సుల అందరు దీన్నే చూస్తాండ్లు అక్కా. సస్తే సస్త గని రేపటి సంది రాను."

అక్క ఓదార్చిందా? లేదు! యాకమ్మ లంగా అంచు పట్టుకుని, "ఎవరు కుట్టిండ్లు ఇది? నడుమెంత నీది?" అంది. ఆపైన బెదిరింపొకటి. "రేపొక్కరోజు రా. రాకపోతే తొర్రూరొచ్చి గుంజుకొస్త!"

ఏడుస్తున్న మనిషితో మాట్లాడే తీరేనా అది? ఆటోలో ఇంటిదాకా తిడుతూనే ఉన్నాను.

ఆ మధ్యాహ్నం గదిలోకి వెళ్తే, దిండ్లకు ఆనుకుని కూర్చున్న అక్క ఏదో గబుక్కున దుప్పటి కిందికి తోసింది. దారం తోక బయటే ఉంది.

"కుడ్తానవా! నీకు కీమో వద్దా?"

"మెషిన్ తొక్కద్దన్నరు. సూది పట్టద్దన్నరా?"

ఒళ్లు మండి, తలుపు దభాలున వేసి వంటింట్లోకి వెళ్లిపోయాను.

మర్నాడు యాకమ్మ వచ్చింది. అక్క ఆమె చేతిలో ఒక పొట్లం పెట్టి బాత్రూంలోకి తోసింది. బయటికొచ్చిన యాకమ్మ చేతులు ఊపుకుంటూ నడుస్తోంది. సంచి ఎక్కడా కనబడలేదు! డ్రెస్సింగ్ గదిలో చూస్తే కొత్త లంగా, దాని లోపలివైపు సంచి పట్టేంత జేబు, ట్యూబు నలగకుండా చిన్న సందు. డాక్టర్ కావ్య ఆ జేబును తిప్పి తిప్పి చూసింది.

"ఎవరు కుట్టిండ్లు ఇది?"

యాకమ్మ నవ్వుతూ అక్క వైపు వేలెత్తి చూపించింది.

"జర వంకర పోయింది మేడం," అని అక్క గొణిగింది. "చేతికుట్టు గదా. ఈ నిర్మల నా మెషిన్ బెల్టు దాచింది."

"వార్డుల ఇంకో నలుగురికి కావాలమ్మా. మీరు తొక్కద్దు, ఎవరితోనన్న కుట్టించుండ్రి. మీ గాయం మంచిగ పూడుతాంది. పది రోజులల్ల కీమో మొదలుపెడ్దాం."

ఇంటికి రాగానే బియ్యం డబ్బాలోంచి బెల్టు తీసి మెషిన్‌కు తగిలించి, నేనే కూర్చున్నాను. అక్క మంచం మీది నుంచి చెప్తుంటే చెమటలు కక్కుతూ ఒక లంగా పూర్తి చేశాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి కుట్టు కుట్టూ చూసింది. గదిలో ఉన్నది మేమిద్దరమే. అయినా అడిగింది మహాతల్లి.

"ఎవరు కుట్టిండ్లు ఇది?"