శనివారం పక్కలు

"...అందుకే అడుగుతున్నా, ఎవరొచ్చి పడుకుంటారని ఈ మూలలు మడతపెడుతున్నావు?" అంది ఆడపడుచు.

"నీ వైపు వదులైంది. లాగు," అంది వదిన.

"లాగను."

"లాగకపోతే ముడత పడుతుంది."

"పడనీ. ముడత చూసి మొహం చిట్లించుకోడానికి ఈ లాడ్జిలో ఎవరున్నారు? నువ్వు, నేను, కింద కుర్చీలో పెద్దాయన. ఆయన కళ్ళకి ఇప్పుడు దుప్పటీ ఒకటే, సున్నం కొట్టిన గోడా ఒకటే."

వదిన మంచం చుట్టూ తిరిగొచ్చి, ఆడపడుచుని మోచేత్తో పక్కకి జరిపి, దుప్పటి అంచు పట్టి లాగి పరుపు కిందకి దోపింది. మూల దగ్గర కవరు మడిచినట్టు మడిచి, అరచేత్తో ఒక్కసారి రాసింది. పక్క అద్దంలా తయారైంది.

"పద, పక్క గది," అంది.

"పక్క గది నువ్వొక్కదానివే చేసుకో." ఆడపడుచు గుమ్మంలోనే నిలబడిపోయింది. "వచ్చే శనివారం నేనుండను. పట్నం ఆస్పత్రిలో చేరుతున్నా. మొన్న నాలుగు రోజులు వెళ్ళింది చుట్టాలింటికి కాదు, అక్కడ పని చేసి చూడడానికి. రోగుల పక్కలు మార్చే పని. ఇద్దరు కావాలన్నారు, నీ సంగతి కూడా చెప్పాను."

"నన్నడక్కుండానా?"

"అడిగితే 'శనివారం కానీ, చూద్దాం' అంటావు. పనిలో చేరిన రోజు నుంచీ అదే వింటున్నా."

వదిన చంకలో దుప్పట్ల దొంతర సర్దుకుని పక్క గదిలోకి వెళ్ళింది. కాసేపటికి ఆడపడుచు కూడా వెనకే వచ్చి, మంచానికి అటువైపు నిలబడింది. ఇద్దరూ దుప్పటి విదిలించారు.

ఆ ఊళ్ళో అందరికీ ఆమె వదినే. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. దానికి కారణం ఈ ఆడపడుచే. పనికి చేరిన కొత్తలో మంచానికి అటు నిలబడి "వదినా దిండు, వదినా గలీబు" అని మూడంతస్తులూ వినబడేలా కేకలు పెట్టేది. విన్నవాళ్ళందరి నోటికీ అదే అలవాటైంది. పక్క పరచడం ఒకరి వల్ల కాదని కాదు. అయితే మంచం చుట్టూ తిరగడానికే సగం పొద్దు గడిచిపోతుంది. అందుకని ఎప్పుడూ ఇద్దరే. ఆడపడుచుని మొగుడు వదిలేసి పోయినప్పుడు ఆ కబురు చెప్పుకున్నదీ, ఏడ్చిందీ, చివరికి అతగాడి నడకని అనుకరించి ఇద్దరూ నవ్వుకున్నదీ దుప్పటికి చెరో కొసా పట్టుకునే. ఒకే ఇంట్లో ఉంటున్నా ఇంట్లో మాట్లాడుకున్నది తక్కువ.

ఊరికి సముద్రం ఎప్పటి నుంచో ఉంది, బతుకు మాత్రం కంపెనీతో వచ్చింది. తక్కువ డబ్బుతో సముద్రం చూపిస్తామని ఆ కంపెనీ ఎక్కడెక్కడి వాళ్ళనో పోగుచేసి పంపేది. గుమాస్తాలు, మిల్లు పనివాళ్ళు, రిటైరైన పంతుళ్ళు, అప్పుడే పెళ్ళైన జంటలు. ఎవరైనా ఉండేది ఒక వారం. శనివారం పొద్దున పాతవాళ్ళని బస్సులు ఎక్కించుకుపోయేవి, మధ్యాహ్నం దాటాక అవే బస్సులు కొత్తవాళ్ళని దించేవి. ఆ మధ్య పూటలో ఊళ్ళోని లాడ్జీలన్నీ ఖాళీ అయి, మళ్ళీ కొత్తవి కావాలి. అందుకని శనివారం ఊళ్ళో పెళ్ళి చూపులు పెట్టుకోరు. ఎవరి మీదా ఎవరూ గొడవకి వెళ్ళరు. బడి పంతులమ్మ పిల్లల తల్లులని శనివారం పిలవదు. బస్సులు వచ్చేదాకా ఏ ఇంటి కబురూ లాడ్జి గుమ్మం దాటి లోపలికి వెళ్ళదు. ఈ నియమం ఎవరూ పెట్టింది కాదు, అయినా ఎవరూ తప్పలేదు.

వదిన భర్త ఇసుకలో గొడుగులు పాతి, కుర్చీలు వేసే పని చేసేవాడు. ఒక శనివారం గొడుగు పాతుతూ ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. నలుగురూ మోసుకెళ్ళి డాక్టరు దగ్గర పడుకోబెట్టారు. ఒకతను లాడ్జికి పరిగెత్తుకొచ్చాడు. పెద్దాయన, అంటే లాడ్జి యజమాని, కబురు విని, అతన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఆయన మనిషి చెడ్డవాడు కాదు. పైన ఇంకా ఒక అంతస్తు పక్కలు మిగిలున్నాయి, అంతే. బస్సు వచ్చి అందరికీ తాళాలు ఇచ్చాక వదిననీ ఆడపడుచునీ కిందకి పిలిచాడు. వాళ్ళు వెళ్ళేసరికి అతని మీద దుప్పటి కప్పేశారు. అప్పటిదాకా తెలివిలోనే ఉన్నాడని, రెండుసార్లు అడిగాడని డాక్టరు చెప్పాడు. ఎవరిని అడిగాడో చెప్పలేదు, వదిన అడగలేదు.

పెద్దాయన మీద ఆమె ఒక్క మాట పడనివ్వలేదు. ఇంకొకరి మొగుడై ఉంటే, కబురు తన చేతికే వచ్చి ఉంటే, తను కూడా పక్కలు అయిపోనివ్వమనే అనేది. ఆ సంగతి ఆమెకి తెలుసు. అది తెలియడమే ఆమెకి మింగుడుపడేది కాదు.

ఆ కంపెనీ కూడా శనివారమే మునిగింది. పొద్దున పాతవాళ్ళు చేతులూపి వెళ్ళిపోయారు. పక్కలు తయారయ్యాయి, కిటికీలు తెరిచారు, మంచినీళ్ళ కూజాలు నింపారు. బస్సు రాలేదు. దారిలో టైరు పోయి ఉంటుందన్నారు. చీకటి పడేవేళకి రొట్టెల దుకాణం ఆయన టీవీలో చూసి వచ్చి చెప్పాడు, కంపెనీ తలుపులు మూసేసిందని, ఫోన్లు ఎవరూ ఎత్తడం లేదని. ఎవరూ కబురు పంపలేదు. పంపాల్సినవాళ్ళు అప్పటికే చేతులు దులిపేసుకున్నారు.

వదిన పైకి వెళ్ళి తెరిచిన కిటికీలన్నీ మూసొచ్చింది.

అసలు దెబ్బ మాత్రం అది కాదు. నెల తిరక్కుండా ఊరి పక్క నది మీద వంతెన కట్టేవాళ్ళ మేస్త్రీ ఒకతను వచ్చాడు. వంతెన పూర్తయ్యేదాకా తన పనివాళ్ళకి లాడ్జి మొత్తం కావాలన్నాడు. రెండేళ్ళో, మూడేళ్ళో. పెద్దాయన పైనుంచి వదినని పిలిపించాడు.

"గదుల సంగతి నీకు తెలిసినట్టు నాకు తెలీదమ్మా. నువ్వేమంటావు?"

వదిన మేస్త్రీ బూట్ల వైపు చూసింది. ఎండిన సిమెంటు పెచ్చులు ఊడి అప్పటికే చాప మీద రాలుతున్నాయి.

"శనివారం ఖాళీ చేసిస్తారా?" అని అడిగింది.

"ఎందుకమ్మా ఖాళీ చెయ్యడం?"

"కొత్తవాళ్ళొస్తారు."

మేస్త్రీ పెద్దాయన వైపు చూశాడు, ఇదేమన్నా వేళాకోళమా అన్నట్టు. పెద్దాయన చూపు తిప్పుకున్నాడు. కంపెనీని ఇంకెవరో కొనుక్కుంటున్నారని ఊరంతా అనుకుంటున్న రోజులవి. బస్సులకి కొత్త రంగు వేస్తున్నారని కూడా ఎవరో చూసొచ్చినట్టే చెప్పారు. గదులు బూట్లవాళ్ళకి ఇచ్చేస్తే, రేపు బస్సు వచ్చి నిలబడితే ఎవరు జవాబు చెప్తారు? వదిన కుదరదంది. సాయంత్రం రొట్టెల దుకాణం ఆయన, ఫొటోలు తీసే ఆయన, ఇద్దరూ మంచి పని చేశావన్నారు.

మేస్త్రీ నది అవతల ఊరికి వెళ్ళాడు. అక్కడ ఇప్పుడు కొత్తగా టీ కొట్లు, మంగలి దుకాణం, సినిమా వేసే డేరా. రొట్టెల దుకాణం ఆయన కూడా కిందటి నెల అటే మారిపోయాడు. వెళ్తూ వదినకి చెప్పి వెళ్ళలేదు. వంతెన స్తంభాలు రెండు నీళ్ళలోంచి లేచాయి. లాడ్జి మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే కనిపిస్తాయి. ఆ కిటికీ తెర వదిన తెరవడం మానేసింది.

బస్సు వచ్చిన జాడ లేదు. అయినా ప్రతి శనివారం ఆమె వెళ్ళేది, దుప్పట్లు మార్చేది. ఎవరూ పడుకోని దుప్పట్లు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్ళీ పరిచేది. ఆడపడుచు వెక్కిరిస్తూనే తోడొచ్చేది.

ఆడపడుచు పట్నం మాట చెప్పిన ఆ శనివారం తర్వాత, వారం మధ్యలో పెద్దాయన వదినని పిలిచి చెప్పాడు. లాడ్జి అమ్మేశాడట. కొన్నవాళ్ళు దీన్ని పడగొట్టి చేపలు నిలవచేసే ఐసు గోదాం కడతారట. అప్పటిదాకా, మరో మూణ్ణెల్లో నాలుగో, తాళాలు పెట్టుకుని గదులకి గాలి తగిలేట్టు చూడడానికి ఒక మనిషి కావాలి.

"జీతం ఒక్కరికే ఇవ్వగలను. ఆ ఒక్కరూ నువ్వేనని వేరే చెప్పాలా?"

"నేను ఆ వంతెన వాళ్ళని వద్దనకుండా ఉండాల్సింది," అంది వదిన.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "నేనూ వద్దనే అనుకున్నాను. నీ నోటితో అనిపించాను," అన్నాడు.

శుక్రవారం పొద్దున పక్కలన్నీ ఎత్తేసే పని. పరుపులు, దిండ్లు వేరే లాడ్జి వాళ్ళెవరో కొనుక్కున్నారు, మధ్యాహ్నం బండి వస్తుంది. ఇద్దరూ కింది నుంచి మొదలుపెట్టి పైకి వచ్చారు. పరిచినంత సేపు పట్టలేదు తీయడానికి. మూడో అంతస్తు చివరి గదికి వచ్చేసరికి ఆడపడుచు దుప్పటి అంచు పట్టుకుని ఆగింది.

"వదినా, పడుకో."

"పిచ్చా నీకు?"

"పడుకోమంటుంటే. ఆస్పత్రిలో మనిషి ఉండగానే పక్క మారుస్తారు. ఎలాగో చూపిస్తా."

"లాడ్జి మంచం మీద ఎప్పుడైనా నడుం వాల్చానా నేను?"

"రేపటి నుంచి ఇది లాడ్జి కాదు. చెప్పులు విప్పు, మహారాణీ."

వదిన ముందు అంచున కూర్చుంది. తర్వాత పడుకుంది. ఇన్నేళ్ళలో ఆ గది పైకప్పు ఆమె చూడలేదు. ఫ్యాను రెక్క ఒకటి కొద్దిగా వంగి ఉంది. ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆడపడుచు ఆమె భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి గోడ వైపుకి ఒత్తిగిలేలా తిప్పింది. పాత దుప్పటి వీపు దాకా చుట్టింది. చాకిరీ చేసి మొరటుదేరిన చేతులే, కానీ పనిలో తొందర లేదు.

"ఇప్పుడు కొత్త దుప్పటి వీపు కింద దాకా పరుస్తారు. తర్వాత మనిషిని ఇటు తిప్పాలి. అటువైపు ఇంకొకరు ఉండి అందుకోవాలి. నెమ్మదిగా. నొప్పిగా ఉందేమో అడుగుతూ."

"ఏం మాట్లాడతారు వాళ్ళతో?"

"వాళ్ళే మాట్లాడతారు. కొందరు ఊరికే చెయ్యి పట్టుకుంటారు. ఒక ముసలాయనైతే నన్ను వాళ్ళావిడే అనుకున్నాడు. ఎక్కడికెళ్ళావు ఇంతసేపూ అని కేకలేశాడు."

"నువ్వేమన్నావు?"

"ఇదిగో వచ్చేశాగా అన్నాను. ఏమంటాను మరి?"

వదిన గోడ వైపే చూస్తూ ఉండిపోయింది. ఆడపడుచు చెయ్యి ఆమె భుజం మీదే ఉంది. కింద రోడ్డు మీద బండి హారను వినిపించింది, పరుపుల కోసం వచ్చినట్టుంది.

"వదినా, లే. వాళ్ళొచ్చారు."

"బరువైన మనిషైతే?"

"అందుకేగా ఇద్దరు."

వదిన లేచి చీర సర్దుకుంది. వీపు కింద చుట్టుకుపోయిన దుప్పటి తీసి నాలుగు మడతలు వేసింది. చివరి మడత దగ్గర ఆడపడుచు చెయ్యి చాచి రెండో కొస అందుకుంది. ఇద్దరూ దాన్ని తలుపు పక్కనున్న మూటలో పెట్టారు.

కింద పెద్దాయన ద్వారం దగ్గర నిలబడి, పరుపులు మోసేవాళ్ళకి దారి చూపిస్తున్నాడు. వదిన నడుముకి దోపుకున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"అదేమిటమ్మా, అవి నీ దగ్గరే ఉంచుకో. రేపు వస్తావుగా, శనివారం," అన్నాడు ఆయన.

"శనివారం నేను రానండి," అంది వదిన, వెనకే మూట దించుతున్న ఆడపడుచుని చూపిస్తూ. "దీనితో పాటు పొద్దుటి బస్సుకి పట్నం వెళ్తున్నాను."