రత్నమ్మ అడిగిన ఇంజన్

2023 ఎండాకాలం. కుప్పంలో ఒక షెడ్డు, అందులో ఏళ్ల తరబడి కదలని అంబాసిడర్ కారు. బానెట్ మీద చెవి ఆనించి, ఇంజన్ శబ్దం విని, ఈ బండితో పుట్టిన ఇంజన్ ఇదే అని తేల్చేశాను. మదనపల్లెలో నా మెకానిక్ షెడ్డుకు వచ్చిన వాళ్లందరికీ ఇలాగే చెబుతుంటాను. ఇది అచ్చవుతోంది కాబట్టి నిజం చెప్పక తప్పదు: ఆ బండికి బ్యాటరీయే లేదు. ఇక శబ్దం ఎక్కడిది?

నన్ను అక్కడికి తీసుకెళ్లింది పుంగనూరు రత్నమ్మ. ఆమె భర్త బతికుండగా ఆ కారును బాడుగకు తోలేవాడు, తర్వాత అమ్మేశాడు. అది మళ్లీ అమ్మకానికి వచ్చిందని తెలిసి కొనాలని బయల్దేరింది. కానీ ఆమెది ఒకటే షరతు.

"పైన రేకులు ఎవురివైతే ఏమప్పా? మా ఇంటాయన చేతులు పెట్టింది ఇంజన్‌లో. అది ఉంటేనే బండి తీసుకుంటా. లేకుంటే నాకొద్దు."

పాత కార్లు చేతులు మారేకొద్దీ ఇంజన్లూ మారిపోతుంటాయి. అందుకే మొదట నంబరు చూస్తాం. అది ఇంజన్ బ్లాకు పక్కన చిన్న రేకు మీద ఉంటుంది. ఆర్‌సీలోని నంబరుతో కలిస్తే మ్యాచింగ్ నంబర్ అంటాం. కలిసింది. రత్నమ్మ మొహం వెలిగింది. అయితే ఆ రేకుకు ఉండాల్సిన కంపెనీ రివెట్లు లేవు, బజారు స్క్రూలున్నాయి. అంటే దాన్ని వేరే ఇంజన్ నుంచి పీకి ఇక్కడ బిగించి ఉండొచ్చు.

"తేల్చి చెప్పప్పా. అవునా, కాదా?"

"కాదమ్మా," అన్నాను గొప్పగా.

ఆమె సంచి తీసుకుని బయటికి నడిచింది. ఆ నడక చూశాక తొందరపడ్డానేమో అనిపించింది. కిరసనాయిలు గుడ్డతో బ్లాకు పక్కంతా తుడిచాను. బ్లాకుకున్న గుండ్రటి కంతల్లోంచి నీళ్లు కారకుండా బిళ్లలు కొడతారు. వాటిని వెల్చ్ ప్లగ్‌లంటారు. ఒకటి పచ్చగా మెరిసింది. ఇత్తడి! దాని మీద చుక్కలు. కళ్లజోడు సర్దుకుని చూస్తే, అవి పాత్రల మీద పేరు కొట్టించే చుక్కలు: "త్నమ్మ".

"అమ్మా, ఇట్లా రా! నీ పేరు ఈడుండాది!"

ఆమె వెనక్కొచ్చి, వంగి చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"వోరి నీ! నా పెండ్లి తాంబాళం! వాళ్ల చెల్లెలు ఎత్తుకోని పోయిందని చెప్పినాడే మా ఇంటాయన! దీనికోసరం నా ఆడబిడ్డతో ఇన్నేండ్లుగా మాటల్లేవు కదప్పా!"

"దావలో నీళ్లు కారతా ఉంటే, సామాను దొరక్క తాంబాళం కోసి బిళ్ల కొట్టుంటాడమ్మా. పనితనం సూడు, ఇప్పటికీ సుక్క కారలే."

రేడియేటర్లో చుక్క నీళ్లు లేవని మాత్రం చెప్పలేదు.

"ఎంత అబద్ధమాడినాడప్పా!" అంటూ ఆమె నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. రేకుకు స్క్రూలు బిగించింది కూడా ఆయనే అయ్యుండాలి.

అప్పటి నుంచి నంబరు చూసి ఆగిపోను. ఆ ఇంజన్‌ను ఎవరు ఎలా బాగుచేసుకున్నారో వెతికాకే నోరు తెరుస్తాను. తెరవకుండా ఉండటానికి ప్రయత్నమైనా చేస్తాను.

ఆ బండిని నేనే నడిచేలా చేశాను. తీసుకెళ్లే రోజు రత్నమ్మ ముందు సీట్లో కూర్చుంది.

"పుంగనూరికేనా అమ్మా?" అన్నాను.

"ముందు చౌడేపల్లెకు పోనీప్పా. మా ఆడబిడ్డకు బానెట్ ఎత్తి సూపియ్యల్ల."