గంజి తూము

మాది పాత డాబా. గానుగ సున్నం, టేకు దూలాలు, మూరెడు మందం గోడలు. దాన్ని కట్టించిన ఆసామి వారసులు అమ్ముకుని పోతుంటే, బడిపంతులుగా చేసే మా ఆయన కొన్నారు. ఊళ్లో ఇప్పటికీ దాన్ని ఆసామిగారి డాబా అనే అంటారు. నలభై ఏళ్లుగా వాకిలి ఊడుస్తున్నది మాత్రం నేను.

నిరుడు మా అబ్బాయి ఇల్లు బాగుచేయిస్తానన్నాడు. కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఏసీలు కావాలి, బాత్రూము ఇంటికి ఆనుకునే ఉండాలి అన్నాడు. కాదనలేదు. పెరటి చివరిదాకా నడవడం నా మోకాళ్లకూ కష్టమైపోయింది. బాత్రూముకు పునాది తవ్వి, లోపలి పని తేలేదాకా అలాగే వదిలేశారు. రాజమండ్రి నుంచి ఒక డిజైనరు వచ్చాడు.

ఆ కుర్రాడికీ నాకూ మొదటిరోజు నుంచే పడలేదు. గట్టిగా ఉన్న నాపరాళ్లు పెకలించి అవతల పారేయిస్తాడు. చెదపట్టిన తలుపుకు నూనె రాయించి ఫోటో తీసుకుంటాడు. అతను పారేయించిన మేకులు నేను ఏరి, వంకరలు తీసి డబ్బాలో వేసుకునేదాన్ని. కూల్చిన పొయ్యి ఇటుకలు పశువుల పాకలో పేర్పించాను.

మూడో నెలలో వంటింటి వెనకగోడ గీకుతుంటే తూము బయటపడింది. గోడలోంచి బయటికి ఏటవాలుగా దిగే రాతి కాలువ. ఇల్లు కొన్న వారంలోనే అందులో గుడ్డలు కుక్కి సున్నం పూయించింది నేనే. ఎందుకని మా ఆయన అడగలేదు. ఆయనకు తెలుసు.

"మామ్మగారూ, చూసేరా అండీ! ఒకటే రాయి. అంచుకి తామర రేకులు చెక్కేరు" అన్నాడు డిజైనరు.

"మూసెయ్యి."

"మూసెయ్యడమేంటండీ! చిన్న మోటారు పెడితే సన్నగా నీళ్లధార పడతాదండి. కింద ఇత్తడి బిందె పెడదాం. వచ్చినోళ్లు ఇక్కడే నిలబడి ఫోటోలు దిగుతారు, చూడండి."

అతను వేలు చూపించిన చోట మా అమ్మ నిలబడేది. ఆసామి పొలంలో ఊడ్పులకు వెళ్లిన రోజుల్లో లోపలినుంచి ఆ తూములో గంజి వంచేవారు. మా కుండ వాళ్ల గిన్నెకు తగలకూడదని ఆసామి కట్టించిన ఏర్పాటది. పోసే మనిషి కనబడదు. "పడుతున్నానండీ" అని అమ్మ కేక వెయ్యాలి. కేక వినకుండా పోసేస్తే మోచేతులు కాలేవి. ఆ కుండ ఇంటికి మొయ్యడానికే నా చదువు మూడో తరగతిలో ఆగిపోయింది.

ఈ సంగతి మా అబ్బాయికి ఎప్పుడూ చెప్పలేదు. సాయంత్రం వచ్చి వాడు కూడా రాయిని నిమిరాడు.

"ఇంత బాగుంటే ఎందుకమ్మా మొండికేస్తావు?"

"ఆ కుర్రాడు బిందె పెడతానన్న చోట మీ అమ్మమ్మ కుండ పట్టేదిరా" అని అంతా చెప్పాను.

వాడు రాయి మీంచి చెయ్యి తీసేశాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. మూడోరోజు ఇద్దరూ కలిసి వచ్చారు.

"అయితే మరీ ఉంచాలి కదమ్మా. పక్కన చిన్న పలక మీద అమ్మమ్మ సంగతి రాయిద్దాం. పిల్లలకి తెలియాలి" అన్నాడు మా అబ్బాయి.

"ఆయ్, కథ ఉంటే ఇంటికి అందమే వేరండీ" అన్నాడు డిజైనరు.

"మా అమ్మ నీ ఇంటికి అందమా? గంజి పోసినోళ్ల పేర్లు ఏ గోడ మీదన్నా రాసేరా?" అని మా అబ్బాయి వైపు తిరిగాను.

"అది కాదమ్మా..."

"నీ పిల్లలకి తెలియాలంటే కూర్చోబెట్టి చెప్పు. వచ్చేపోయేవాళ్లు చదువుకోడానికి మా అమ్మని గోడకి అంటించకు."

వాళ్లు పలక కొలతలు రాసుకునే వెళ్లారు.

ఆ ఆదివారం అందరూ ప్రార్థనకు వెళ్లారు. మోకాళ్లు నొప్పని చెప్పి నేను ఉండిపోయాను. అబద్ధమే. ముసలి తాపీమేస్త్రీకి కబురు పంపాను.

"అబ్బాయిగారు ముట్టుకోవద్దన్నారండీ" అన్నాడు.

"ఇల్లు నా పేరునుంది."

"పోనీ రాయి పగలకుండా ఊడదీస్తానండీ. మీరసలు మేకు కూడా పారెయ్యరు కదా."

"సుత్తి తియ్యి."

నాలుగు దెబ్బలకు పగిలింది. ఆ కన్నంలో పొయ్యి ఇటుకలు పెట్టించి, దగ్గరుండి మెత్తించాను. రాతి ముక్కలు ఏం చెయ్యమన్నారండీ అని మేస్త్రీ అడిగాడు. వాటిని కూడా పారేయలేదు. బాత్రూము పునాదిలో వేయించాను. రేకులున్న ముక్కలు కమోడు వచ్చే చోట వేయమన్నాను.

ప్రార్థన నుంచి వచ్చి గోడ చూసిన మా అబ్బాయి నెలరోజులు నాతో సరిగా మాట్లాడలేదు. డిజైనరు ఆ గోడ వైపు మళ్లీ రాలేదు.

బాత్రూము మాత్రం బాగా కుదిరింది. నా మోకాళ్లకు సుఖంగా ఉంది.