దానయ్య కంప్యూటర్లో చేపలు

లింగాలపేట దానయ్యకి మనుషుల్ని పేరు పెట్టి పిలవడం అలవాటు లేదు. చేప పెట్టి పిలుస్తాడు.

పేర్లు తెలీక కాదు. సంతబొమ్మాళి మండలంలో సముద్రాన్ని ఆనుకున్న ఆ ఊళ్ళో నూటపాతిక గడపల పేర్లూ, ఇంటిపేర్లతో సహా ఆయనకి నోటికొచ్చు. కానీ నోరు తెరిస్తే వచ్చేది చేపే. ఎదురింటి యువరాజు ‘కుళ్ళిన కవల’. పక్కవీధి బాబూరావు మనిషి పీపాలా ఉంటాడు కాబట్టి ‘పండుగొప్ప’. నలుగురు కొడుకుల్నీ ఒంటిచేత్తో పెంచిన పెద్దతల్లి ‘సొరపిల్ల’. కన్నకొడుకు ప్రేమ్‌కుమార్ ‘జెల్ల’.

“ఓరి కుళ్ళిన కవలా! ఎండలో అలగ నిలబడిపోనావేట్రా? ఎవులైనా ఏరీసి ఎరువులో ఏసీగల్రు, ఇంటికెల్లు!”

రోజూ పొద్దున్నే యువరాజుకి ఇదే సుప్రభాతం. యువరాజు నవ్వుతూ వెళ్ళిపోయేవాడు.

మంగ ఆ ఇంటికి కోడలుగా వచ్చిన రోజు కొత్త చీరలో ముడుచుకుని కూర్చుంది. మావగారు గుమ్మంలోంచి ఒక్క చూపు చూసి, “ఇదేటే, ఇంత రొయ్యపొట్టుని ఏరుకొచ్చినారు! గాలేత్తే ఎగిరిపోదేటి?” అన్నాడు. మంగ గదిలోకి పోయి సాయంత్రం దాకా ఏడ్చింది.

“ఊరుకోయే. నీది నయం. నన్ను జెల్లన్నాడు. అంటే ముట్టుకుంటే ముల్లని” అని ఓదార్చాడు ప్రేమ్‌కుమార్.

గ్రామ సచివాలయానికి కొత్తగా వచ్చిన ఉద్యోగిని కూడా వదల్లేదు. తెల్లచొక్కా చూసి “సందువ బాబూ” అన్నాడు మొహం మీదే. ఆయన వారం రోజులు మాట్లాడలేదు. చందువ కిలో ఎంత పలుకుతుందో ఎవరో చెప్పాక మళ్ళీ మాట్లాడాడు.

ఒకసారి కోటబొమ్మాళి నుంచి చేపలు కొనుక్కునే బేరగాడొకడు వీధిలో పోతున్నాడు. “ఓరి పండుగొప్పా, ఇలా రారా!” అని దానయ్య కేక వినిపించింది. బేరగాడు గంపతో పరుగెత్తుకొచ్చాడు.

“ఎక్కడ మావా పండుగొప్ప? కిలో ఎంతకిత్తావు?”

అప్పుడే బాబూరావు మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. దానయ్య అతన్ని కిందనించి మీదకి చూసి, “ఇదే. ఎత్తగలిగితే ఉత్తినే పట్టుకుపో” అన్నాడు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది ఆయనకి. ఒక చేపని ఇద్దరికి ఇవ్వడు. చేపలు అయిపోతే ఎండుచేపల్లోకి దిగాడు, అవీ అయిపోతే ‘పులుసులో ఇరిగిన కోనాం’, ‘తల లేని కానాగంత’ అంటూ పోయాడు తప్ప, ఒకడిది ఇంకొకడికి అంటగట్టలేదు. అదంతా ముసలాడి జ్ఞాపకశక్తి ప్రదర్శన అనుకునేది ఊరు.

ఆయన ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది తిత్లీ తుఫాను తర్వాత. ఆ తుఫానులో ఊరందరి ట్రంకు పెట్టెల్లోకీ నీళ్ళొచ్చి కాగితాలన్నీ గంజి అయిపోయాయి. మత్స్యకార సంఘానికి కార్యదర్శి కాబట్టి దానయ్య ఆఫీసుల చుట్టూ నాలుగు నెలలు తిరిగి అందరి కాగితాలూ మళ్ళీ పుట్టించాడు. అప్పుడు టెక్కలిలో పాత కంప్యూటరొకటీ, కాగితాల్ని బొమ్మ తీసి అందులోకి పంపే స్కానరొకటీ కొని తెచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఒక్కవేలితో టైపు కొట్టడం నేర్చుకున్నాడు. ఊళ్ళో వాళ్ళ కాగితాలన్నీ అందులో ఎక్కించాడు. దానికి పాస్‌వర్డు పెట్టాడు. అదేంటో మాత్రం పెళ్ళానికి కూడా చెప్పలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆవిడ పేరు ముసలమ్మే.

కాగితాలు కంప్యూటర్లో ఉన్నాయన్న ధీమాతో ఊరు అసలు కాగితాల్ని గాలికొదిలేసింది. యువరాజు బోటు కాగితాలు మేక తినేసింది. బాబూరావువి ఎక్కడున్నాయో బాబూరావుకే తెలీదు.

మే నెల మొదటి వారంలో దానయ్య పోయాడు. జూన్ పధ్నాలుగు దాకా సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. పొద్దున అరుగు మీద వల బాగుచేసుకుంటూ యువరాజుని తిడుతున్నాడు. తిట్టు మధ్యలో ఆగిపోయింది. మిగతా సగం కోసం యువరాజు చూస్తూ నిలబడ్డాడు. అది రాలేదు.

కర్మకాండ అయిన వారానికి మత్స్యశాఖ ఆఫీసు నుంచి కబురొచ్చింది. బోట్ల కాగితాలన్నీ జూన్ పదో తారీకులోగా మళ్ళీ ఇవ్వాలట. ఇవ్వని బోటు, నిషేధం ఎత్తేశాక కూడా నీళ్ళలో దిగకూడదట. ఊళ్ళో నలభై ఒక్క బోట్లు. కాగితాలన్నీ తాళం పడిన కంప్యూటర్లో.

ఇంట్లో పదో తరగతి దాకా చదివింది మంగ ఒక్కతే. పైగా కళ్ళు ఆనడం లేదని చెప్పి మావ పక్కన కూర్చోబెట్టుకుని ఆఫీసు నుంచి వచ్చిన కాగితాలు చదివించుకునేవాడు. కాబట్టి అందరూ మంగనే చూశారు.

మంగ కంప్యూటర్ పెట్టింది. అది పాస్‌వర్డు అడిగింది. మంగ ప్రేమ్‌కుమార్ పేరు కొట్టింది. తప్పంది. కానీ కింద ఒక ఆనవాలు చూపించింది. మావ పెట్టుకున్నదే, ఇంగ్లీషు అక్షరాల్లో: ‘సేప పేరు’.

ఈ మాట పావుగంటలో ఊరంతా పాకింది. అరుగు నిండిపోయింది.

“నాదే కొట్టు మంగా. మావ నన్నే ఎక్కువ తిట్టినాడు” అన్నాడు యువరాజు.

“నిన్నేటి? పొద్దున్నొక్కపాలి. నన్ను మూడుపూటలా తిట్టీవోడు” అన్నాడు బాబూరావు.

“ఓరి ఎదవల్లారా, మిమ్మల్ని నోటితో తిట్టినాడు. నన్ను మనసులో కూడా తిట్టుకునీవోడు” అంది పెద్దతల్లి.

మంగ కవల కొట్టింది. కాదంది. ‘వ’కి ఏ ఇంగ్లీషు అక్షరం పెట్టాలన్న దాని మీద గంటసేపు తగువైంది. ఒక ‘ఎల్’ పెట్టారు, రెండు పెట్టారు, చివర సాగదీశారు, కుదించారు. కవలని పదకొండు రకాలుగా కొట్టినా కాదంది. పండుగొప్పకి అక్షరాలు ఎక్కువ కాబట్టి రకాలూ ఎక్కువే. అది మధ్యాహ్నం దాకా పట్టింది. తన పేరు కాదని తేలిన ప్రతివాడూ మొహం వేలాడేసుకుని అరుగు దిగాడు, పరీక్ష తప్పినట్టు.

రెండో రోజు సాయంత్రానికి బంగాళాఖాతంలో చేపలు అయిపోయాయి.

“ఇంక అవదమ్మా. తీయించీవోల్ల దగ్గరికి అట్టుకెల్దాం” అంది ముసలమ్మ. ఆ రెండు రోజుల్లో ఆవిడ మాట్లాడింది అదే.

అత్తాకోడళ్ళు కంప్యూటర్ పెట్టెని దుప్పట్లో చుట్టి ఆటోలో టెక్కలి పట్టుకెళ్ళారు. అక్కడ షాపతను చూసి, “మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలి” అన్నాడు.

“తుడిస్తే లోపల ఉన్నవో?”

“పోతాయి.”

ముసలమ్మ పెట్టెని బల్లమీంచి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ దుప్పటి చుట్టి, తుడవకుండా తీసే గోవింద్ అనే కుర్రాడు పలాసలో ఉన్నాడని ఎవరో చెబితే, అక్కడికి చేరేదాకా విప్పలేదు.

పలాసలో జీడిపిక్కలు కాల్చే వాసన దాటుకుని గోవింద్ షాపు వెతికి పట్టుకున్నారు. ఆ కుర్రాడు నిదానస్థుడు.

“పాస్‌వర్డు మర్చిపోయారామ్మా?”

“మర్చిపోలేదు బాబూ. మనిషే పోనాడు” అంది ముసలమ్మ.

గోవింద్ పెట్టె మీదనించి చెయ్యి తీసేశాడు. మరణ ధ్రువపత్రం అడిగి చూశాడు. ఆవిడ ఆధార్ చూశాడు. “ఫైళ్ళు ఎక్కడికీ పోవు. కానీ ఇది ఆయన సొంతం కదమ్మా. మీరు ఒప్పుకుంటేనే తీస్తాను” అన్నాడు.

ముసలమ్మ పెట్టెని అతని వైపు జరిపింది. “ఏటి దాసినా నా ఇంట్లోనే కదా దాసినాడు. తీయ్ బాబూ.”

గోవింద్ ఒక పెన్‌డ్రైవు గుచ్చాడు. ఏవో నాలుగు మీటలు నొక్కాడు. పది నిమిషాలు పట్టింది. ఊరంతా రెండు రోజులు కుస్తీ పట్టిన తలుపు అది.

“మావ పెట్టిన సేప ఏటి?” అని ఆత్రంగా అడిగింది మంగ.

“అది నాకూ తెలీదమ్మా. నేను తాళం తియ్యలేదు, గడియే పీకేశాను.”

(ఆ చేప ఏదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. తనదేనని, అక్షరాలే కుదర్లేదని యువరాజు నమ్మకం.)

తెర మీద వరసగా ఫోల్డర్లు వచ్చాయి. కుళ్ళిన కవల. పండుగొప్ప. సొరపిల్ల. తల లేని కానాగంత. నూటికి పైన ఉన్నాయి. తెర మీద కనిపించినంతలో ఒక్కదానికీ మనిషి పేరు లేదు.

గోవింద్ తల గోక్కున్నాడు. “ఇదేంటమ్మా, చేపల కొట్టా?”

“ఊరు బాబూ” అంది ముసలమ్మ.

ఇంటికి చేరేసరికి అరుగు మళ్ళీ నిండింది. అందరూ కిటికీలోంచి మెడలు సాచారు. మొదట యువరాజుదే తియ్యమన్నారు. మంగ ‘కుళ్ళిన కవల’ తెరిచింది. బోటు కాగితం ఉంది. దాని కిందే ఇంకో కాగితం. విశాఖపట్నంలో తాగుడు మాన్పించే ఆసుపత్రిది. నెల రోజులు ఉంచుకున్నట్టు, తోడుగా దానయ్య సంతకం పెట్టినట్టు. పోయినేడాది ఆ నెలంతా యువరాజు హార్బర్‌లో పనికెళ్ళాడని ఊరు అనుకుంది. అలా అనుకునేలా చెప్పింది దానయ్యే.

మంగ గబుక్కున తెర ఆర్పేసింది.

“ఏటైంది?” అన్నారు కిటికీ దగ్గర.

“ఓల్టేజీ లేదు. ఎల్లండి, ఎల్లండి. నాను పిలుత్తాను.”

అందరూ వెళ్ళాక, అలాంటిది అదొక్కటేనేమో చూద్దామని మరో రెండు తెరిచింది. సొరపిల్లలో పెద్దతల్లి కిడ్నీ పరీక్షల కాగితాలు, ఏడాదిన్నరవి, నెల నెలా వరసగా ఉన్నాయి. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానంలో ఆ మాట వింటే కొడుకులు బెంబేలెత్తుతారని పెద్దతల్లి వాళ్ళకి చెప్పలేదు కాబోలు. పండుగొప్పలో బాబూరావు కూతురికి అత్తవారింట్లో జరిగిన గొడవ మీద పెద్దమనుషులు రాయించిన ఒప్పందం. మంగ సగంలోనే మూసేసింది. ఇంకేదీ తెరవలేదు.

అప్పుడు మంగకి తట్టింది. ఆ కంప్యూటర్ ఎవడైనా ఎత్తుకుపోయినా, తెరిచినా, వాడికి కనిపించేది చేపలే. ఎవరి చేప ఏదో బయటివాడికి తెలీదు. మరి ఎవరిది వాళ్ళకి గుర్తుండాలంటే? మావ ఇన్నేళ్ళూ వీధిలో నిలబడి, ఎవరిది వాళ్ళకి రోజూ గుర్తు చేశాడు. గొంతు చించుకుని మరీ.

“అత్తా, మావ తిట్టింది తిట్టు కాదే” అంది.

“కొన్ని తిట్లే” అంది ముసలమ్మ, బియ్యం ఏరుతూ. “యువరాజువి నిజం తిట్లే.”

మర్నాటి నుంచి ఒక్కొక్కళ్ళనీ విడిగా పిలిచింది మంగ. తలుపు దగ్గరికి వేసి, వాళ్ళ బోటు కాగితం ఒక్కటి అచ్చు తీసి చేతిలో పెట్టింది. మొన్న పాస్‌వర్డు తమ చేపేనని అరుగు మీద కొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు లోపలికొచ్చి, తమ చేప పేరు చెవిలో చెప్పినట్టు గొణిగారు.

యువరాజు చివర్లో వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు.

“సూసినావేటి మంగా?”

“బోటు కాగితమే సూసినాను బావా.”

యువరాజు కాగితం అందుకున్నాడు. “మళ్ళీ ముట్టలేదు. మావకి తెలుసు” అన్నాడు.

“మరి రోజూ అన్ని తిట్లెందుకో?”

“దగ్గరికొచ్చి మూతి వాసన సూడాలి కదే. తిట్టీవంకతో దగ్గరికొచ్చీవోడు.” కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదో తారీకున నలభై ఒక్క బోట్ల కాగితాలూ మంగ ఆఫీసులో ఇచ్చి రసీదు పుచ్చుకుంది. నిషేధం ఎత్తేసిన పొద్దున బోట్లన్నీ వేటకి దిగాయి.

ఆ మధ్యాహ్నం వీధంతా ఖాళీగా ఉంది. ముసలమ్మ వచ్చి మంగ పక్కన కూర్చుంది.

“అందరికీ ఉన్నాయి. నాకు లేదేటి?”

“నిన్ను మావ ఎప్పుడూ సేపనలేదు కదత్తా.”

“అననేదు. అయినా సూడు.”

మంగ మొత్తం కిందికి జరిపింది. అన్ని చేపలూ దాటాక, అట్టడుగున ఒక్క ఫోల్డరు ఉంది. ‘ముసలమ్మ’ అని. ఆ కంప్యూటర్లో అదొక్కటే మనిషి పేరు.

లోపల ఒకే కాగితం ఉంది. ముసలమ్మ ఎడమ కంటికి రెండేళ్ళుగా శుక్లం. కంటిలో కత్తి పెట్టనివ్వనని ఆవిడ రెండేళ్ళుగా మంకుపట్టు. దానయ్య ఒక్కసారి కూడా వాదించలేదు, ఊఁ అని ఊరుకున్నాడు. ఊరుకుని, టెక్కలి కంటి ఆసుపత్రిలో ఆపరేషన్‌కి పేరు రాయించేశాడు.

“సూసినావా ముసలాడి బుద్ది! నాకు సెప్పకుండా నా కన్ను రాయించీసినాడు!” అని ముసలమ్మ లేచి నిలబడింది. రెండు నిమిషాలు మొగుణ్ణి తిట్టింది. ఆ తిట్లలో చేపలు లేవు గానీ, మిగతావన్నీ ఉన్నాయి. అలుపొచ్చాక మళ్ళీ కూర్చుంది.

“ఎన్నో తారీకట?”

“ఇరవై రెండు. ఇంకా ఏడు రోజులున్నాది.”

“తోడెవులని రాసినాడు?”

“మావ పేరే ఉందత్తా.”

ముసలమ్మ ఆ ఒక్క మంచి కన్నుతో తెర మీదికి వంగి, చదవడం రాకపోయినా ఆ గీతల్ని కాసేపు చూసింది.

“అచ్చు తీసీ. ఆ పేరు కొట్టీసి నీ పేరు రాయి” అంది. “మరి బస్సులో కిటికీ పక్కన నానే కూకుంతాను. ముందే సెప్తన్నాను.”