మా అవ్వ ఇంట్లో మూడు దినాల చీకటి

"మీ ఊళ్లోనే గదా ఆ సంగతి జరిగింది" అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండిపోతుంది. కామారెడ్డిలో నా టైలరింగ్ షాపుకు వచ్చే ఆడవాళ్లు జాకెట్ కొలతలు ఇస్తూ ఇస్తూ అడుగుతారు. టీవీలు చూసేవాళ్లు, ఫోన్లు వాడేవాళ్లు అట్లా ఎట్లా నమ్మారని. ఎట్లా నమ్మారో నేను కళ్లారా చూశాను. చూసి కూడా నాకింకా నమ్మబుద్ధి కాదు.

మా ఊరు ఎల్లారెడ్డికి దగ్గర. మా అవ్వ, అంటే అమ్మ, మా అక్క, ఇద్దరూ బీడీలు చుట్టేవాళ్లు. బావ దుబాయిలో ఉంటాడు కాబట్టి అక్క అవ్వ దగ్గరే ఉండేది. మా ఇంటి ముందరి గది పెద్దది. వాడకట్టు ఆడవాళ్లంతా పొద్దున్నే చాటలు చంకన పెట్టుకుని అక్కడికే వచ్చేవాళ్లు. బీడీ చుట్టేటప్పుడు చేతులకు తీరిక ఉండదు, కళ్లకూ ఉండదు, చెవులు మాత్రం ఖాళీ. అందుకే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతూ ఉండాలి. ఒకప్పుడు ఊళ్లో ముచ్చట్లు, తర్వాత టీవీ సీరియళ్లు. ఆ తర్వాత ఆయన వచ్చాడు.

అందరూ సామి అనేవాళ్లు. దుబాయిలో బిల్డింగులకు రంగులేసి తిరిగొచ్చిన మనిషి. గడ్డం లేదు, కాషాయం లేదు, గొంతు మాత్రం మెత్తన. గడప పక్కన కూర్చుని రోజూ చెప్పేవాడు. మూడు దినాలు సూర్యుడు రాడట. ఆ చీకటిని చూసినవాళ్ల కళ్లు పోతాయట. తలుపులు మూసుకుని దీక్షలో కూర్చున్నవాళ్లే బతికి కొత్త లోకానికి పోతారట. ఆ లోకంలో బీడీల పని ఉండదు, దుబాయి ఉండదు, పోయినవాళ్లంతా ఎవరింటికి వాళ్లు వచ్చేస్తారు. మొదటిసారి విన్నప్పుడు నేను పకపకా నవ్వాను. పక్కకు చూస్తే అక్క కళ్లలో నీళ్లు.

రాను రాను ఆయన రాని రోజున కూడా ఆ మాట ఆగలేదు. తన గొంతు రికార్డు చేసి ఫోన్లకు పంపేవాడు. ఆడవాళ్లు ఫోనును చాటలో తునికాకు పక్కన పెట్టుకుని వింటూ చుట్టేవాళ్లు. వాళ్ల నుంచి మొగవాళ్లకు, మా ఊరి నుంచి పక్క ఊళ్లకు పాకింది. జుక్కల్ వైపు నుంచి మరాఠీ మాట్లాడేవాళ్లు కూడా ఆటోలు కట్టుకుని వచ్చారు. యాసంగి పంటకు నారు పోయడం మానేసినవాళ్లున్నారు. కోళ్లను ఊరికే పంచిపెట్టినవాళ్లున్నారు. పెద్దమనుషులేమో "పోనియ్యి, తాగుడు మాన్పిస్తున్నడు గద" అన్నారు. అబద్ధమెందుకు, నిజంగానే మాన్పించాడు.

నేను ఊరుకోలేదు. బస్సెక్కి పోయి అక్కతో కొట్లాడాను.

"ఏందక్కా ఇది? లోకమే ముగిసిపోతే నేనెవరికి కుట్టాలె జాకెట్లు?"

"నీ నోటికి మొక్కాలె. నువ్వు గూడ వచ్చి మన ముందరి గదిల కూసో చెల్లె. మూడు దినాలే గద."

"బావకు చెప్పినవా?"

"బావనే వస్తడు. ఇగ చెప్పుడెందుకు?"

అవ్వ నడుమ వచ్చి, "దాన్ని ఏమనకు బిడ్డా. పక్కపొంటి నేనుంట గద" అంది. అవ్వకు సామి మీద నమ్మకం కంటే అక్క మీద ప్రేమ ఎక్కువ. ఆమె కూర్చుంటే తనూ కూర్చుంటుంది, అంతే.

నన్ను బస్సెక్కించడానికి వచ్చి అక్క నా చేతిలో ఒక జాకెట్ గుడ్డ పెట్టింది. "మాఘంల పెండ్లి ఉన్నది. చేతులు జర పొడుగు పెట్టు" అంది. నా గుండె మీది బరువు దిగిపోయింది. మాఘంలో పెండ్లికి పోయే మనిషి లోకం ముగుస్తుందని ఎక్కడ నమ్మినట్టు? మూడు రోజులు ఉపవాసముంటారు, తర్వాత సిగ్గుపడి బయటికొస్తారు, సామిని నాలుగు తిడతారు అనుకున్నాను.

అది చలికాలం. చీకటి మొదలు కావాల్సిన రోజున కామారెడ్డిలో ఎండ ఎప్పటిలాగే కాసింది. అక్క ఫోను బంద్ ఉంది. మరునాడు పొద్దున మా ఊరి నుంచి పక్కింటి వదిన ఫోన్ చేసింది. "మీ ఇంట్లకెళ్లి భజన వినొస్తలేదు. మనుషుల సప్పుడే లేదు. నాకు భయమైతుంది" అంది.

నేను పోయేసరికి జనమంతా మా వాకిట్లోనే ఉన్నారు. ఎవరూ తలుపు ముట్టడం లేదు. తెరిస్తే లోపలివాళ్ల కళ్లు పోతాయేమోనట! సామిని నమ్మనివాళ్లు కూడా జంకుతున్నారు. నెత్తి మీద ఎండ పెట్టుకుని చీకటికి భయపడుతున్న మనుషులను నేను అప్పుడే చూశాను. గొంతు చించుకుని అరిస్తే ఎవరో గడ్డపార తెచ్చి తలుపు పెకిలించారు.

తలుపు వెనక తడి గోనెసంచులు. తునికాకు ఎండిపోకుండా చుట్టిపెట్టే సంచులే. తలుపుకు, కిటికీలకు సందు లేకుండా కుక్కారు. ఫ్యాను వేస్తే బీడీల్లో పోసే తంబాకు పొడి ఎగిరిపోతుందని గాలి లేని గదిలో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లు, వాళ్లకు ఉక్కపోత ఒక లెక్క కాదు. నడుమ పెద్ద కుంపటి. చలికని, దీక్షకని నిండా బొగ్గులు పోశారు. మంట లేదు, పొగ లేదు. నాకు చాట పట్టుకోవడం నేర్పిన ఆడవాళ్లంతా గోడలకు ఆనుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకుని అక్కను లేపాను. లేపుతూనే ఉన్నాను, ఎవరో వచ్చి నన్ను పక్కకు లాగేదాకా.

సామి కూడా అక్కడే ఉన్నాడు, వాళ్లలాగే. పారిపోయి ఉంటే, దొంగ అని తేలి ఉంటే, కడుపునిండా తిట్టుకునేదాన్ని. తను చెప్పింది తనే నమ్మి అందరితో పాటు పోయాడు. ఆ మనిషిని ఏమనుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

అవ్వ ఒక్కతే బతికింది. గది మూలన చేతులు కడుక్కునే జాలారి ఉంది. వాంతి చేసుకోవడానికి అక్కడికి పోయి, నీళ్లు బయటికి పోయే సందు దగ్గర పడిపోయింది. ఆ ఒక్క సందునే మూయడం మరిచారు.

కామారెడ్డి ఆస్పత్రిలో డాక్టరు వివరంగా చెప్పాడు. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే విషపు గాలికి వాసన ఉండదట. ముందు తల నొస్తుందట, తిరుగుతుందట, కడుపులో తిప్పుతుందట. అప్పుడే బయటికొస్తే బతికేవాళ్లట. "ఎవరికీ అనుమానం రాలేదా? ఒక్కరు కూడా లేవలేదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

అవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అక్క లేచింది బిడ్డా. తల తిరుగుతుందవ్వా, జరసేపు బయట కూసుంట అన్నది. తలుపు దాక పోయింది."

"మరి?"

అవ్వ నావైపు తిరగలేదు. తంబాకు ఘాటుకు తల తిరగడం, కడుపులో తిప్పడం మా వాడలో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ తెలుసు. బయటికి ఉరికితే పని అలవాటు కాదని తల్లులు చెయ్యి పట్టి కూర్చోబెడతారు. చిన్నప్పుడు నన్నూ, అక్కనూ అట్లా కూర్చోబెట్టింది మా అవ్వే.

"ఈ గదిల గట్లనే అయితది, జరసేపు కండ్లు మూసుకుంటే పోతదన్న. చెయ్యి పట్టి గుంజి నేనే కూసోవెట్టిన" అంది. "నా మాట ఇన్నది బిడ్డా. మల్ల లేవలే."