వెన్ పిన్ని బేరితోట

తుంగ్‌షి లోయలో పండ్లతోట ఉన్న ప్రతి ఇంటికీ బీయున్ తెలుసు. మొక్కల కాడలను పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి రైతుకు ఉన్నమాట చెప్పడం సాగు కేంద్రంలో ఆమె పని. చదివింది ఊరి బళ్లోనే. పొలాలను కాచే నేలతాతయ్య గుడిలో పొద్దున్నే అగరుబత్తి వెలిగించనిదే బ్లేడు ముట్టదు. "నా చెయ్యి వణక్కుండా చూడు తాతయ్యా" అన్నదొక్కటే ఆమె మొక్కు.

ఆ చలికాలం ఒకరోజు వెన్ పిన్ని తోటలో కోసిన అంటుపుల్లల సంచి పట్టుకుని వచ్చింది. భర్త పోయాక బేరితోట ఒక్కతే చూసుకుంటోంది. పూమొగ్గలున్న పుల్లలను ఏటా కొమ్మలకు అంటు కడితేనే ఆ లోయలో బేరి కాస్తుంది. ఈసారి అంటు కట్టిన వారానికే చలివాన పట్టుకుంది. చుట్టుపక్కల తోటలు పూతకొచ్చాయి గానీ ఆమె చెట్లు మొగ్గ విప్పలేదు.

"చచ్చాయో బతికున్నాయో తేల్చమ్మా. గిడ్డంగిలో ఆఖరి మొగ్గపుల్లల కట్ట నాకోసం సాయంత్రం దాకా ఆపారు. ఇవి చచ్చి ఉంటే అన్నీ పీకేసి ఇవాళే మళ్లీ కట్టాలి. బతికుండగా పీకితే ఈ ఏటి కాపు నా చేత్తో నేనే చంపుకున్నట్టు."

బీయున్ ఒక పుల్ల అతుకుకు చుట్టిన పట్టీ విప్పి, మైనం గీకి, అతుకు మీద అడ్డంగా కోసింది. పొర నీళ్లలో పడగానే రెండు ముక్కలైంది.

"పట్టలేదన్నమాటేగా." పిన్ని ఫోన్ బయటికి తీసింది.

"ఉండు పిన్నీ. అతుకు లేక విడిందో, పట్టీ తీసేసి నేను మొరటుగా కోసినందుకు విడిందో ఇంకా తెలీదు. అక్కడ కొత్తగా పుట్టే కండ మరీ మెత్తన."

ఈసారి ముల్లంగి ముక్కను చీల్చి, రెండో పుల్లను కోసేటప్పుడు కదలకుండా పట్టీతో సహా అందులో బిగించింది.

"నా తోట పోతుంటే నువ్వు ముల్లంగి చారు కాస్తున్నావా?"

"పంది ఎముకలు కూడా తెచ్చుంటే భోజనం ఇక్కడే అయ్యేది."

బ్లేడు తడిపి ఒక్క లాగులో కోసింది. ఉల్లిపొరలాంటిదాన్ని కుంచెతో ఏరి, నీలంరంగు చుక్క వేసి, కడిగి, గాజు పలక మీద పరిచి చూసింది. ఆ నీలం పట్టి రెండువైపులా పాత కర్ర ఆకుపచ్చగా తేలింది. నడుమ సందు లేదు. లేత ఊదారంగు కండలో ఇటునుంచి అటు సన్నటి దారంలా కొత్త కర్ర అల్లుకుంటోంది. తోట అవతలి మూలనుంచి తెచ్చిన మూడో పుల్లనూ కోసి చూసింది. అదీ అంతే.

"పట్టింది పిన్నీ! చూడు."

"ఏవో నల్ల పుల్లలే కనిపిస్తున్నాయి."

"అవి నీ కనురెప్పల వెంట్రుకలు. కాస్త వెనక్కి జరుగు."

పిన్ని జరిగింది. చాలాసేపు చూసింది. తల ఎత్తి చేతిరుమాలు వెతుక్కుంటే బీయున్ తన తువ్వాలు అందించింది.

"మరి పూయవేం?"

"నువ్వు కట్టీ కట్టగానే చలి తగిలి బద్ధకించాయి. నాలుగు ఎండలు కాయనీ."

పిన్ని అక్కడే నిలబడి గిడ్డంగికి ఫోన్ చేసింది. "ఆ కట్ట నాకొద్దు బాబూ. లోయ దిగువన చుంగ్ వాళ్లకివ్వు, వాళ్ల అంట్లు పాపం నిజంగానే నల్లబడ్డాయి. ఆ... అంటు కట్టడానికి నేనూ వస్తానని చెప్పు. నాకివాళ వేరే పనేం లేదు!"