కాల్చనన్న బావ

మా మేనత్త కొడుక్కి కోపమొస్తే గొంతు తగ్గేది. "అది నా వల్ల కాదండీ, ఇంకేదైనా పని చెప్పండి" అనేవాడు, అంతే. చైనా యుద్ధమప్పుడు పట్టాళంలో ఆఫీసరుతోనూ అదే అన్నాడట. మనిషిని కాల్చలేనని తుపాకీ కింద పెట్టి, గాయపడ్డవాళ్లను మోస్తానన్నాడు. జైల్లో పెట్టి, ఆ తర్వాత ఉద్యోగం తీసేసి పంపేశారు.

మా ఊరు పెడన తిరిగొచ్చాక ఊళ్లోవాళ్లు పిరికివాడని మొహం మీదే అన్నారు. అక్కను అతనికివ్వాలని చిన్నప్పుడే అనుకున్నారు. ఇప్పుడు నాన్న ఆ మాట వెనక్కి తీసుకోవడానికి పెద్దమనుషుల్ని పిలిపించాడు.

"కాల్చనన్నావా, లేదా?" అని అందరి ముందూ అడిగాడు.

"అన్నాను మావయ్యా" అన్నాడు బావ, తల దించకుండా.

బట్టల మీద అచ్చులు వేసే అద్దకం బల్ల దగ్గర పని చేసుకుంటున్న అక్క చేతులకు రంగుతోనే వచ్చి నిలబడింది.

"భయపడి కాల్చేవాడు పిరికివాడు నాన్నా. బావ జైలుకైనా వెళ్లాడు గానీ కాల్చలేదు. చేసుకుంటే బావనే చేసుకుంటాను."

అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసిన మా పెదనాన్నే నాన్న వైపు తిరిగి, "పిల్ల చెప్పింది నిజంరా. ముహూర్తం చూడు" అన్నాడు.

పెళ్లయ్యాక సన్నాయి మేళంతో బజారంతా నడిచి అత్తారింటికి వెళ్లారు. జనం గుమ్మాల్లోకొచ్చి చూశారు. బావ మామూలుగానే నడిచాడు. మా అక్క మాత్రం రాజ్యం గెలిచినదానిలా నడిచింది.